చెల్లమ్మ కూలి

"ముప్పయ్యే ఉండాయే, ఇంకా పది యాడమ్మా?" అన్నాడు మా మామ గోపాలస్వామి, గుంట మగ్గంలోకి దిగి కాళ్ళు సర్దుకుంటూ. ఆదివారం పొద్దున ఏడున్నర. నేను ఐదింటికే లేచి రాట్నం ముందు కూర్చొని, ఆయన ఆ రోజు నేసే లుంగీలకు కావలసిన నూలు కండెలకు చుడుతున్నాను. రోజూ నలభై కండెలు నావి, నలభై మా అత్తవి. నేను కాపురానికి వచ్చిన మూడో రోజే అది ఖాయమైపోయింది. ఉద్యోగానికి పోయే రోజుల్లోనూ అంతే. కండెలు, టిఫిను, మా పాప మీనాకి జడ, క్యారియరు, ఏడుంబావు బస్సు. "కండె చుట్టేది ఒక పనా? కూర్చోని తిప్పేదే గదా" అని పదేళ్ళ కిందట మామ అన్నాడు. మగ్గంలో నువ్వు చేసేదీ కూర్చొనే కదా మామా అని అప్పుడే అడగాల్సింది. కొత్త కోడలిని, నోరు లేవలేదు.

మాది తమిళనాడులో గుడియాత్తం. నేను పుట్టింది ఆంధ్రాలో, పలమనేరు పక్కన, అందుకే ఈ ఇంట్లో తెలుగు చదవడం, రాయడం వచ్చింది నా ఒక్కదానికే. మిగతావాళ్ళు తెలుగులో పోట్లాడతారు, లెక్కలు తమిళంలో రాస్తారు, లెక్కనే కణక్కంటారు. మా వీధి మగ్గాలన్నింటికీ నూలిచ్చి లుంగీలు తీసుకుపోయే ముదలాళి శనివారం శనివారం కూలి తెచ్చి మామ చేతిలో పెడతాడు. కండె కూలి నేత కూలిలోనే చేరి ఉంటుందట. మా తాతల నాటి నుంచీ అంతేనట. నేసేది మగవాడు, కూలి పడేది నేసిన చేతిలో. చుట్టిన చేతికి అందులో ఎంత వస్తుందని మా వీధిలో ఎవరూ ఎన్నడూ విడదీసి చూడలేదు.

ఆ ఇంట్లో నుంచి బయలుదేరి రోజూ వేలూరు పోతాను. సత్తువాచారిలో కలెక్టరాఫీసు దాటాక ఒక చిన్న కంపెనీ. ఆసుపత్రుల కాగితాలు చదివి, జబ్బుకో కోడు, వైద్యానికో కోడు వేసి ఇన్సూరెన్సు వాళ్ళకు పంపే పని. ఎనిమిదేళ్ళయింది. నా పక్కన కూర్చొని పని నేర్చుకున్న ఇద్దరు అబ్బాయిలు ఇప్పుడు నాకే టీమ్ లీడర్లు. మా మేనేజరు జయకుమార్‌ని అడిగాను, నాకెందుకు ఇవ్వలేదని. ఆయన చాలా మర్యాదగా నవ్వి, "మీకు బస్సు టైము ఉంటుంది కదా మేడమ్, లీడరంటే సాయంత్రాలు ఉండాలి" అన్నాడు. ఆ లీడర్లు చేసిన తప్పులు దిద్దుతూ నేను వదులుకున్న బస్సులు ఎన్నో ఆయనకు తెలియకనా! మీటింగు రోజున ఎన్ని టీలు చెప్పాలో మాత్రం నన్నే అడుగుతాడు.

కిందటి సోమవారం చెన్నై నుంచి మెయిలొచ్చింది. ఇదే పని, పెద్ద కంపెనీ, టీమ్ లీడరు పోస్టు, నెలకు నలభై ఆరు వేలు. ఇక్కడ నాకిచ్చేది ఇరవై మూడు. సరిగ్గా రెండింతలు. బస్సులో నిలబడి మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను. వచ్చే సోమవారం పది గంటల్లోపు అవునో కాదో చెప్పమన్నారు. ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే మా ఆయనకు చెప్పాను.

మా ఆయన గుణశేఖర్‌కి బజారులో సెల్‌ఫోన్ల షాపుంది. మంచివాడు. తాగడు, కొట్టడు. ఈ రెండు ముక్కలూ మా అమ్మ ఫోనులో పదిసార్లు గుర్తు చేస్తుంది. మెయిలు చూపిస్తే "సంతోషం" అన్న మాట కూడా రాలేదు ఆ నోట్లోంచి. "చెన్నైలో బాడిగ ఎంతో తెలుసునా నీకు?" అన్నాడు. మొదటి మాటే అది. ఆ తర్వాత వారమంతా అన్నం వడ్డిస్తుంటే ఒకటి, బట్టలు మడుస్తుంటే ఒకటి విసిరాడు. "సంబళం రెండింతలైతే ఖర్చు మూడింతలవుతాది సింధు. ఆడ తాగే నీళ్ళు గూడా కొనాల." "నా షాపును తలమింద పెట్టుకోని వస్తానా?" "మీనాకి ఆడ ఇస్కూల్లో సీటు దొరికే పనేనా?" వాటిలో ఒక్కటీ అబద్ధం కాదు, అదే నా కడుపుమంట. అబద్ధమైతే తిరగబడి అరవొచ్చు. నిజాలన్నీ ఒకే పక్కకు నిలబడితే ఏం చేస్తాను?

గురువారం మధ్యాహ్నం ఆఫీసులో అన్నం తింటూ నేనూ లెక్క వేశాను. తాంబరం దాటాక ఒక గది ఇల్లు, పద్నాలుగు వేలు. ఇస్కూలుకు అదనంగా మూడు. రైలు, నీళ్ళు, గ్యాసు, కూరగాయల రేట్లు అన్నీ కలిపి నాలుగు. పెరిగే జీతం ఇరవై మూడు వేలు, పెరిగే ఖర్చు ఇరవై ఒకటి. మిగిలేది రెండు వేలు. నాలుగు మెతుకులు నోట్లో అలాగే ఉండిపోయాయి. రెండు వేల కోసం ఊరు మారడమా, పిల్లను తీసుకొని? పోనీ రెండు వేలు కూడా వద్దు, టీమ్ లీడరు కుర్చీ కోసమా? ఒక్క పొద్దున, ఎవరి నూలూ నా కోసం కాచుకోని ఒక్క పొద్దున కోసమా? అలాంటివి కోరుకుంటే ఏ గడిలో రాసుకోవాలో నాకు తెలియలేదు. శుక్రవారం బస్సులోనే చెన్నైకి జవాబు టైపు చేశాను, 'కుటుంబ కారణాల వల్ల చేరలేకపోతున్నాను' అని. ఎంత నాజూకైన మాట, కుటుంబ కారణాలు! మా మామ కండెల వల్ల అని రాయలేను కదా. పంపబోయి, సోమవారం దాకా టైముంది కదా అని ఆగాను.

ఆదివారం ఆ మిగతా పది కండెలూ చుట్టి, దోసెలు పోసి, అందరూ తిన్నాక గిన్నెలు ఎత్తుతున్నాను. గుణశేఖర్ పోయిన నెల క్యాలెండరు కాగితం చించి వెనక్కి తిప్పి, మగ్గం గదిలో తండ్రి ఎదురుగా కూర్చున్నాడు. అత్త అమరావతి ఓ మూల రాట్నం తిప్పుతోంది. ఆమెకు షుగరు, మోకాళ్ళ నొప్పులు. ఒక కాలు చాపుకొని తిప్పుతుంది. "రా సింధు, కూర్చో. ఈ పొద్దు కణక్కు తేల్చేస్తాం. నీకు అన్యాయం చేసినానని రేపు నువ్వు అనగూడదు" అన్నాడు మా ఆయన.

బాడిగ రాశాడు, ఇస్కూలు రాశాడు, రైలు రాశాడు. అతనికీ రెండు వేలే మిగిలాయి. అక్కడితో ఆపి ఉంటే నేను తలాడించి లేచేదాన్నే. ఆపలేదు. గీత గీసి, కింద ఇంకో వరస మొదలుపెట్టాడు.

"ఇంగ ఈడి ఖర్చు. నువ్వు పోతే వంటకి ఎవురినైనా పెట్టాల, ఐదు వేలు. అమ్మను నెలనెలా షుగరు డాక్టరు కాడికి పిల్చుకోని పోయేదానికి మనిషి, ఆటో, వెయ్యి. నాయనా, కండెల సంగతి?"

"నిన్న సాయంత్రం చెల్లమ్మను అడిగి వచ్చినా. నీ పెండ్లాము చుట్టే నలభైకి దినానికి నూటయాభై కావాలంటాది. తక్కువకి రానంటాది" అన్నాడు మామ మగ్గం ఆపకుండానే. చెల్లమ్మ పక్క వీధిలో ఉండే ఒంటరామె.

"నాగాలు పోను నెలకి నాలుగు వేలు. మొత్తం పది. చూసినావా? రెండు వేలు మిగిలేది పోయి, ఎనిమిది వేలు చేతినుంచి పడతాది." కాగితం నా వైపు తిప్పాడు. మొహంలో గెలుపు కూడా లేదు, పాపం నీకెలా చెప్పేది అన్నట్టు జాలి ఉంది. ఆ జాలికే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఈ పది వేలు ఎవరివి?" అన్నాను.

"ఎవరివంటే? నువ్వు పోతే అయ్యే ఖర్చు."

"నేను పోతే ఖర్చు. నేనుండగా ఈ పది వేలు యాడ రాసినావు? పదేండ్లు. ఏ కాగితంలో రాసినావు, చూపించు."

"ఏం మాటలివి సింధు! ఇంటి పనికి ఎవురైనా కణక్కు రాస్తారా?"

"ఇప్పుడు రాసింది నువ్వే గదా మీనా నాయనా. నేనడిగినానా రాయమని?"

మామ మగ్గం ఆపాడు. "ఇంటి మనిషికీ, బయటి మనిషికీ తేడా లేదామ్మా? చెల్లమ్మ పరాయిది. ఊరికే చుడతాదా?"

అప్పుడు మూలన రాట్నం ఆగింది. ఆ ఇంట్లో పగటిపూట అది ఆగడం నేనెప్పుడూ వినలేదు. అత్త కండె చేతిలో పట్టుకొని అటూ ఇటూ తిప్పి చూస్తోంది, ఎవరో కొత్తగా చేతికిచ్చినట్టు.

"నూటయాభయ్యా?" అంది. "నలభై కండెలకా?"

"అవునే. ఇప్పుడు అందరూ అంతే అడుగుతుండారు" అన్నాడు మామ.

"నేను నలభైయ్యే గదా చుట్టేది. ముప్పై ఎనిమిదేండ్లుగా."

"నీకెందుకే ఆ మాట? నువ్వు ఇంటిదానివి."

నాతో ఎప్పుడూ నాలుగు మంచి మాటలు మాట్లాడిన మనిషి కాదు మా అత్త. నా పురుడయిన నలభయ్యో రోజే నన్ను రాట్నం ముందు కూర్చోబెట్టింది, తనను పదిహేనో రోజున కూర్చోబెట్టారని కూడా చెప్పింది. ఆ రోజు దాన్ని దయ అనుకోవాలని నాకు తట్టలేదు. ఇప్పుడామె చాపిన కాలు మెల్లగా మడుచుకొని, కొడుకు వైపు చూసింది. "గుణా, చెల్లమ్మను రావద్దని చెప్పు. కోడలి నలభై గూడా నేనే చుడతా. దినానికి మున్నూరు నా చేతిలో పెట్టమను మీ నాయన్ని. మోకాళ్ళు నొచ్చిన పొద్దు సెలవు."

మా ఆయన నవ్వబోయాడు. ఎవరూ నవ్వకపోయేసరికి కలం మూత పెట్టాడు. ముదలాళి ఇచ్చేదే అంత లేదు, దాంట్లో మున్నూరు పోతే నాకేం మిగులుతాదని మామ గొణిగాడు. ఆ ప్రశ్న ఈ గదిలో ఆడవాళ్ళం ఎన్నిసార్లు అడగకుండా మింగామో ఆయనకెలా తెలుస్తుంది?

నేను కాగితం తీసుకున్నాను. వెనక నుంచి "ఎందుకది?" అన్నాడు గుణశేఖర్. "నాకు కావాల" అన్నాను. నా పనికి ఎవరైనా ఖరీదు కట్టిన కాగితం నా జన్మలో ఇదొక్కటే, ఎలా పారేస్తాను? చెన్నైలో మిగిలేది రెండు వేలో, ఎనిమిది వేల అప్పో, నాకిక పట్టలేదు. నేను చేసిందానికి అక్కడ జీతమిస్తారు. ఇక్కడ నా పనిని నేను పోయాక మాత్రమే ఖర్చంటారు. ఈ ఇంట్లో నాకో విలువ రావాలంటే నేను ఈ ఇంట్లో ఉండకూడదన్నమాట.

గడప మీద కూర్చొని ఫోను తీశాను. శుక్రవారం రాసిన 'కుటుంబ కారణాల వల్ల' అన్న ముక్క అలాగే ఉంది. అక్షరం అక్షరం చెరిపేశాను. ఒకటో తారీఖున చేరుతున్నానని రాసి పంపించాను. మా ఆయన వచ్చి నా తలమీదుగా స్క్రీను చూశాడు. "నన్నొక మాట అడగవా?" అన్నాడు. నిజంగానే నొచ్చుకున్నాడు.

"అడిగినాను గదా, వారంగా. నువ్వు లెక్క చెప్పినావు. మీనా, నేను పోతాము. నువ్వు ఎప్పుడొస్తావో నీ షాపు కణక్కు చూసుకోని చెప్పు."

లోపల మగ్గం నాలుగు దెబ్బలు వేసి ఆగింది. "కండెలు అయిపోయినాయమ్మా, ఎవరైనా రండి" అని మామ పిలిచాడు.

నేను లేవలేదు. కాసేపటికి తిరిగి చూస్తే, అత్త కూడా లేవలేదు.