కర్నల్ గారు దిద్దిన ఉత్తరం

మధ్యాహ్నం మూడూ పదికి రోజారమణి ఆ ఉత్తరం చదవడం ముగించింది. కళ్లజోడు తీసి, ఎదురుగా స్టూలు మీద కర్రలా నిటారుగా కూర్చున్న పెంచల్ వంక జాలిగా చూసింది.

"ఏందయ్యా ఇది? నిన్ను చదువుకు పంపమని రాసినాడా, రిపేరు షెడ్డుకు పంపమని రాసినాడా మీ కర్నలు?"

కావలి స్టేషను రోడ్డులో ఆమె డీటీపీ సెంటరు పెట్టి పద్దెనిమిదేళ్లు. పెళ్లికార్డులు, పుట్టినరోజు ఫ్లెక్సీలు, సన్మానపత్రాలు అన్నీ ఆ చేతుల మీదుగా పోయినవే. ఎవరిని ఎంత పొగిడితే సరిపోతుందో ఆమెకు తెలిసినట్టు ఊళ్లో ఇంకెవరికీ తెలియదు.

పెంచల్‌ది బోగోలు దగ్గర పట్టపుపాలెం. తండ్రి చేపల పడవను వదిలి తను సైన్యంలో చేరి, పదిహేడేళ్లు రేషన్ సరఫరా చూసి, హవల్దారుగా రిటైరై వచ్చాడు. సర్వీసులో ఉండగానే డిగ్రీ కట్టి పాసయ్యాడు. ఇప్పుడు బెంగళూరులో ఒక యూనివర్సిటీకి, సరుకుల సరఫరా మీద ఎంబీఏకి దరఖాస్తు పెట్టాడు. మాజీ సైనికులకు అక్కడున్నవి రెండే సీట్లు. పైఅధికారి సిఫారసు ఉత్తరం సాయంత్రం ఐదులోపు ఆన్‌లైన్‌లో చేరాలి. వచ్చే ఏడాదికి అతని వయసు దాటిపోతుంది.

యూనివర్సిటీ అడిగింది కొంచెమే. ఒక పేజీ, మామూలు పేరాలు, అభ్యర్థి చేసిన పని ఒక్కటైనా వివరంగా. సికింద్రాబాదులో విశ్రాంతిగా ఉంటున్న కర్నల్ పద్మనాభయ్య గారు పంపింది రెండు పేజీలు. పదకొండు పేరాలు, ప్రతిదానికీ ఒక నంబరు. పెంచల్ పేరు మొత్తం ఇంగ్లీషు పెద్దక్షరాల్లో, మిగతా మాటలు సగం పొడి అక్షరాల్లో. నాలుగో నంబరు: "మంచుకాలంలో రేషన్ సరఫరాలో ఇతని సేవ సంతృప్తికరం." పదకొండో నంబరు: "తగు చర్య నిమిత్తం."

ఉత్తరం వెనకే వాట్సాప్‌లో రెండు ముక్కలు. "ఫార్మాట్ మార్చి డ్రాఫ్ట్ పంపు. చూసి, సంతకం చేసి, నేనే అప్‌లోడ్ చేస్తాను."

రోజారమణి ముందు నంబర్లు పీకింది.

"అక్కా, అక్కా! నంబర్లు లేకుంటే సారుకు బట్టలిప్పి నిలబెట్టినట్టుంటాది."

"యూనివర్సిటీ వాళ్లు ఇప్పమన్నారు. నేనేం జేసేది?"

పెద్దక్షరాలు చిన్నవయ్యాయి. పొడి అక్షరాలు ఒక్కోటీ పెంచల్‌ను అడిగి నిండు మాటలు చేసింది. మార్జిన్లు సరిచేసింది. చివరికి చూస్తే ఉత్తరం అర పేజీయే మిగిలింది, అందులోనూ మనిషి లేడు.

"నాలుగో నంబరు కథేంది?"

"ఏముందక్కా, రోడ్డు తెగింది. బియ్యం చేరవేసినాం."

"ఎట్ట చేరవేసినారు?"

"అది సారు చెప్పాల. నా గురించి నేను చెప్పుకుంటే ఎట్ట?"

"అయితే ఫోన్ జేసి చెప్పించు. సంతృప్తికరం అంటే కూర తినదగ్గట్టుంది అన్నట్టు. అది చూసి నీకెవరిస్తారయ్యా సీటు?"

పెంచల్ ఫోన్‌ను బల్ల మీద బోర్లించాడు. "సారుకు ఫోన్ జేసి, మీరు రాసింది చాలదు అని చెప్పేదా? మా సారు నోట సంతృప్తికరం అంటే మెడల్ కింద లెక్క. ఆయన దగ్గర ఎక్కువ మాటా నిలవదు, తప్పు లెక్కా నిలవదు. ఒక్క బస్తా ఎక్కువ రాసినా చాలు, పిలిపించి ముందర కూర్చోబెట్టి దిద్దించేవాడు."

కీబోర్డు మీద రోజారమణి వేళ్లు ఆగిపోయాయి.

"తప్పుంటే దిద్దకుండా ఉండలేడా?"

"భోజనం మానేస్తాడు గానీ అది మానడు."

"పోయి టీ చెప్పిరా పో."

అతను రెండు టీలతో తిరిగొచ్చేసరికి ఉత్తరం నిండుగా ఉంది. మంచుకొండల నడుమ ఒంటిచేత్తో వెయ్యిమంది ప్రాణాలు కాపాడిన సింహం పెంచల్. ఆ వెయ్యిమందీ ఆయనకు రుణపడిపోయారు. వెయ్యిమంది తల్లులు ఆయనను దీవించారు. ఫ్లెక్సీకి ఫోటో ఒక్కటే తక్కువ. బల్ల మీద అతను వదిలిపోయిన ఫోన్లోంచే, మూడూ యాభైకి, కర్నల్ గారికి వెళ్లిపోయింది కూడా: "డ్రాఫ్ట్ మీ ఆమోదానికి, సార్."

పెంచల్ గ్లాసులు బల్ల మీద పెట్టేసి ఫోన్ లాక్కున్నాడు. "ఏం పని జేసినావక్కా! నా కొంప మునిగింది!"

"టీ తాగు. చల్లారిపోతాది."

నాలుగైంది. నాలుగుంబావైంది. అవతలి నుంచి ఉలుకూ పలుకూ లేదు. పెంచల్ మూడుసార్లు వీధిలోకి వెళ్లొచ్చాడు. రోజారమణి ఎవరిదో గృహప్రవేశం కార్డు ముందేసుకుంది గానీ, నాలుగున్నర దాటేసరికి ఆమె కన్నూ గోడ గడియారాన్ని వదల్లేదు. పందెం తప్పితే పోయేది తన సీటు కాదు.

నాలుగూ ముప్పై నాలుగుకి ఫోన్ మోగడం మొదలుపెట్టి ఆగలేదు. ఒకదాని వెనక ఒకటి, మెసేజీలు.

"ఇదేం చెత్త?"

"వెయ్యి కాదు. నూట నలభై ఇద్దరు."

"ఒంటిచేత్తో కాదు. ఇతనూ, ఆరుగురు జవాన్లూ."

"ప్రాణాలు కాపాడలేదు. పదమూడు రోజులు అన్నం పెట్టాడు. గోదాములో ఉన్నది అయిదు రోజుల సరుకు."

"వాగు మీద వంతెన కొట్టుకుపోతే, తాళ్లతో వల అల్లి బస్తాలు అవతలికి లాగించాడు. ఆ వల అల్లిక ఆ యూనిట్‌లో ఇంకెవరికీ తెలియదు. తొంభై ఆరు బస్తాలు. తడిసినవి రెండు. పోయినవి లేవు."

"తల్లులు ఎవరూ దీవించలేదు. కొట్టేయి."

"సింహం కూడా."

రోజారమణి ఒక్కో మెసేజీ చదువుతూ, సింహాన్ని కొట్టేసి, తల్లుల్ని కొట్టేసి, ఆ లెక్కల్ని ఆయన మాటల్లోనే వరసగా పేర్చింది. ఒక పేజీ. మామూలు పేరాలు. నాలుగూ నలభై ఆరుకి మళ్లీ పంపింది.

ఈసారి జవాబు వెంటనే వచ్చింది. "ఇప్పుడు సరిగ్గా ఉంది. చివరి వాక్యం నేను రాస్తున్నాను."

నాలుగూ యాభై ఏడుకి, ఉత్తరం అందిందని యూనివర్సిటీ నుంచి పెంచల్‌కు మెయిల్ వచ్చింది. ఆ వెనకే కర్నల్ గారు సంతకం చేసిన కాపీ. చివర ఆయన చేతిరాతలో: "అన్నం చేరేదాకా ఇతను నిద్రపోయాడని నాకెవరూ చెప్పలేదు. మళ్లీ అలాంటి వాగు ఎదురైతే ఇతన్నే పిలుస్తాను."

పెంచల్ రెండుసార్లు చదివాడు. "సారు ఇది నాతో ఎప్పుడూ అనలా, అక్కా," అంటూ ఉండగానే ఫోన్ మోగింది. కర్నల్ గారు. పెంచల్ స్టూలు వెనక్కి తన్ని, మడమలు కలిపి నిలబడ్డాడు.

"హవల్దార్! ఆ వెయ్యి ఎవరు రాశారు?" ఆ గొంతు పక్క కొట్టు దాకా వినిపించింది.

పెంచల్ రోజారమణిని చూశాడు. ఆమె ఆగి ఉన్న ప్రింటర్లో కాగితాలు వెతకసాగింది.

"టైపింగ్ మిస్టేక్, సార్."

"మూడు చోట్లా?"

పదిహేడేళ్లలో ఆ మనిషితో ఒక్క అబద్ధం ఆడని పెంచల్ గుండె నిండా గాలి పీల్చుకున్నాడు.

"మూడు చోట్లా, సార్!"