నళిని పేరు మీది టూరు

కృష్ణగిరి దగ్గరి గురుబరపల్లిలో హైవే పక్కన ఉన్న నళిని ఏజెన్సీస్ షట్టరు పొద్దున ఎనిమిదికి లేస్తుంది. లేపేది నళిని. ముందర నీళ్ళు చల్లేది, ముగ్గు వేసేది, దేవుడి పటానికి రోజాపువ్వు పెట్టేది కూడా ఆమే. ఆ తరువాత రైతులు ఒక్కొక్కరే జేబులోంచి పురుగు కొట్టిన ఆకును తీసి, జాతకం చూపించినట్టు ఆమె ముందర పెడతారు. పదకొండు దాటినాక ఆమె భర్త లోకనాథ్ ఇస్త్రీ చొక్కాలో వచ్చి, ఫ్యాను కింద కూర్చొని, "బిజినెస్ చానా కష్టమప్పా" అంటాడు.

ఎరువుల అంగడి లైసెన్సు నళిని పేరు మీద ఉండడానికి కారణం ప్రేమ కాదు. లోకనాథ్ పేరు మీద అప్పటికే మామిడికాయల మండీ ఉంది. రెండూ ఒకే పేరు మీద ఎందుకని ఆడిటరు అన్నాడు. ఆ చుట్టుపక్కల ఎరువుల అంగళ్ళు సగం ఇట్లా భార్యల పేర్లతోనే నడుస్తాయి. బోర్డులు చదువుకుంటూ పోతే పేరంటానికి పిలుస్తున్నట్టు ఉంటుంది.

రెండువేల రెండులో పురుగుమందుల కంపెనీ పెట్టిన టార్గెట్‌ను నళిని ఏజెన్సీస్ దాటింది. బహుమతి శ్రీలంక టూరు, డీలరు ఒక్కరికే. కంపెనీ తరఫున తిరిగే ప్రసాదు రంగుల కాగితం తెచ్చి కౌంటరు మీద పరిచాడు. ఏనుగులు, చెరువు చుట్టూ ఊరు, టీ తోటలు, చివర్లో సముద్రం. నళిని ఆ సముద్రం మీద వేలు పెట్టి తియ్యలేదు. ఆమె చూసిన అతి పెద్ద నీళ్ళు కృష్ణగిరి డ్యాము. పెండ్లయిన కొత్తలో మద్రాసు తీసుకుపోయి సముద్రం చూపిస్తానని లోకనాథ్ అన్నాడు. అన్నాక ఆ మాటను భద్రంగా దాచిపెట్టుకున్నాడు.

"టూరు మేడం పేరు మీద వచ్చిందన్నా," అన్నాడు ప్రసాదు.

"ఆమె పేరు, నా పేరు వేరేనా అప్పా? బోర్డు మీద ఆమె, బండి మీద నేను. నా పేరు రాసేయ్. ఆమెకి పాస్‌పోర్టు యాడుండాది?"

లోకనాథ్‌కు పాస్‌పోర్టు ఉంది. ఒకప్పుడు దుబాయికి పోతానని తీసుకున్నాడు. హోసూరు బస్టాండు దాకా పోయి వెనక్కి వచ్చినాడు.

"కోడలు సముద్రం దాటితే సంగటి ఎవురు గెలికేది?" అని అత్త అంజనమ్మ విషయం తేల్చేసింది. నళిని రంగుల కాగితం మడిచి కౌంటరు సొరుగులో పెట్టి, తరువాతి రైతు ఆకు అందుకుంది.

లోకనాథ్ కొత్త సూట్‌కేసుతో, నల్ల కళ్ళద్దాలతో, మిగతా డీలర్లతో విమానం ఎక్కినాడు. మరుసటి పొద్దున పేడ ఎత్తడానికి, అంగడి వెనకే ఉన్న ఇంటి పెరట్లోకి పోయిన నళినికి అక్కడ నది కనబడింది. నదిలో ఏనుగుల గుంపు జలకాలాడుతోంది. పక్కింటి మారెమ్మ గోడ మీది నుంచి చూసి, ఆ ఊరి అలవాటు కొద్దీ కిరసనాయిలు డబ్బా కొట్టి, టపాసులు అంటించింది. డిసెంబరు నెలలో అడవి ఏనుగులు దిగితే రాగి చేలు మిగలవు కదా. ఈ ఏనుగులు మాత్రం ఆమె వైపు ఒకసారి చూసి, తొండంతో వీపు తడుపుకున్నాయి.

"లంక ఏనుగులు. వాటికి టపాసులంటే తెలీదులే," అంది అంజనమ్మ. "పేడ మాత్రం మన మాదిరే ఏస్తాయి."

సాయంత్రం లోకనాథ్ అంగడికి ఫోన్ చేసినాడు.

"ఏమే, ఈడ అందరూ ఏనుగులు ఏనుగులని ఫోటోలు తీస్తా ఉండారు. నాకు మన అంగడే కనబడతా ఉండాది. నువ్వు యూరియా మూట ఎత్తుతా ఉండావు."

"ఏనుగులు ఈడుండాయండీ. పెరట్లో."

"అట్లనా," అన్నాడు లోకనాథ్. "నేను కళ్ళద్దాలు సరిలేవేమో అనుకున్నాను."

మరునాడు పెరట్లోకి రంగుల కాగితంలోని కాండీ ఊరు వచ్చింది. చెరువు చుట్టూ తెల్లబట్టల జనం తామరపూలతో గుడికి పోతున్నారు. నళిని షట్టరు సగం దించి, చెరువుగట్టున ఒక చుట్టు తిరిగి వచ్చింది. పట్టపగలు అంగడి షట్టరు దిగడం ఊరు ఎరగదు. లోకనాథ్‌కు ఏమైనా అయిందా అని ఇద్దరు పరామర్శకు వచ్చి, ఏమీ కాలేదని తెలిసి, వచ్చినందుకు చెరువు చూసి పోయినారు.

ఆ తరువాతి రోజు చలి, మంచు, కొండల నిండా టీ తోటలు. ఆకు కోసే ఆడవాళ్ళు ఇక్కడి మాదిరే తమిళం మాట్లాడతారు గనుక అంజనమ్మకు పొద్దు బాగా పోయింది. తన మోకాళ్ళ నొప్పి గురించి కొత్తగా వినేవాళ్ళు దొరికి చాలా కాలమైంది. మారెమ్మ ఒక్కతే గొణిగింది.

"మీ కోడలి టూరుతో నా రాగులు ఎండేది లేదు. ఇంకెన్నాళ్ళమ్మా?"

"రేపు సముద్రం. దాంతో అయిపాయె," అంది నళిని.

ఆ రాత్రే లోకనాథ్ గొంతు ఫోన్‌లో కొంచెం చిన్నదై వినిపించింది. "పొద్దు మునిగేదాకా మన అంగడినే చూసినాను. నువ్వు నిలబడే అన్నం తిన్నావు. వచ్చినోళ్ళలో ఒక్కడన్నా నేను యాడని అడగలేదే."

"అడగరండీ," అంది నళిని.

సముద్రం రావలసిన పొద్దున ఆమె పెరడంతా ఊడ్చింది. ఆవును వీధి వైపు కట్టేసింది. కోళ్ళను గంప కింద మూసింది. అప్పుడు ఫోన్ మోగింది.

"అందరూ సముద్రానికి బయలుదేరినారు. నేను పోను. రూములోనే పడుకుంటాను. ఆడికి పోయి చూసేదేముంది, మన అంగడే కదా."

నళిని పెరటి వైపు చూసింది. ఊడ్చిన మట్టి, ఒక మంచం, గోడ.

"పోండి," అంది.

"ఏంది?"

"సముద్రం దగ్గిరికి పోయి నిలబడండి."

రోట్లో పచ్చడి నూరుతున్న అంజనమ్మ చెయ్యి ఆగిపోయింది. ఆ ఇంట్లో లోకనాథ్‌ను కూర్చోండి, తినండి అని అన్నవాళ్ళే గానీ, పోండి అన్నవాళ్ళు లేరు.

"మద్రాసు చూపిస్తానన్నారు. చూపించలేదు. ఇప్పుడు మీరేమీ చూపించొద్దు. ఊరికే పోయి నిలబడండి, చాలు."

లోకనాథ్ ఫోన్ పెట్టేసినాడు. పోతాననీ అనలేదు, పోననీ అనలేదు. నళిని పెరటి గడప మీద కూర్చుంది. అంగడి ముందర రైతు శేషప్ప ఆకు పట్టుకొని, "అమ్మా, వంకాయ తోటకి ఏదో..." అని పిలిచినాడు.

"రేపు రా శేషప్పా."

శేషప్ప తన ఆకు వైపు, ఆమె వైపు చూసి నోరు తెరిచినాడు. అప్పుడే గోడ కింది నుంచి ఒక పీత పక్కపక్కకి నడుచుకుంటూ వచ్చింది.

దాని వెనకాలే సముద్రం వచ్చింది. గోడ ఉన్న చోటు నుంచి ఆకాశం దాకా నీళ్ళు. నళిని చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకొని దిగింది. మొదటి అల పాదాల కింది ఇసుక లాగింది. రెండోది ఆమెను కూలదోసింది. నీళ్ళలో చతికిలబడి, ఉప్పు ఉమ్ముతూ, ఆమె నవ్వింది. ఆ నవ్వు విని మారెమ్మ టపాసులు వెతుక్కుంది. అంజనమ్మ ఊరుకోమంది.

లోకనాథ్ వచ్చేటప్పుడు ఒక టీ పొట్లం తెచ్చినాడు. భోజనం మధ్యలో తల ఎత్తకుండా అన్నాడు:

"నీకు ఎడమ పక్క పన్ను మీద పన్ను ఉండాది. నవ్వితే కనబడతాది. నేను ఎప్పుడూ చూడలేదే."

"ఈడనే ఉండాదండీ, పుట్టినప్పటి నుంచి."

తరువాతి పొద్దున ఎనిమిదికి షట్టరు లేచింది. లేపింది లోకనాథ్. చేతకాక చేసిన చప్పుడుకు దొంగలనుకొని మారెమ్మ డబ్బా ఎత్తుకుంది. ఆ వారమే నళిని హోసూరు స్టూడియోలో పాస్‌పోర్టు ఫోటో తీయించుకుంది. నవ్వకూడదు మేడం అని స్టూడియో అతను మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది.

మరుసటి ఏడాది కంపెనీ మారిషస్ అంది. నళిని పోయింది.

లోకనాథ్ పెరడంతా ఊడ్చినాడు. ఆవును వీధి వైపు కట్టేసి, కోళ్ళను మూసి, కుర్చీ వేసుకొని గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు. అంగట్లో ఫోన్ మోగింది.

"సముద్రం చూస్తా ఉండాను," అంది నళిని.

"యాడ? ఈడ ఏమీ రాలేదే."

"రాదండీ. నేనే వచ్చినాను కదా."

లోకనాథ్ ఫోన్ పెట్టేసినాడు. కౌంటరు అవతల శేషప్ప జేబులోంచి ఆకు తీసి, ఎవరి ముందర పెట్టాలో తెలియక, పట్టుకొని నిలబడి ఉన్నాడు.