1360 నంబరు చెట్టు

సౌదీ రాజ్యానికి నూరేళ్లు నిండాయని అల్ ఖర్జ్‌లో పెద్ద రోడ్డు పొడుగునా నూరు ఖర్జూరపు చెట్లు నాటించారు. ఏడాదికొకటి. ఒక్కో చెట్టు మొదట్లో ఇనుప పలక, పలక మీద వాళ్ల హిజ్రీ సంవత్సరం. ఎక్కడో తోటలో హాయిగా కాస్తున్న చెట్లను వేళ్లతో సహా పెళ్లగించి, క్రేన్లతో తెచ్చి గుంతల్లో నిలబెట్టారు. మమ్మల్ని తెచ్చినట్టే. వాటికి నీళ్లు పట్టే పని మా కంపెనీది, అంటే నాది.

అది 1999 జనవరి. లెక్క మొదలైంది 1902లో అని మా డ్రైవర్ దావూద్ చెప్పాడు. హైదరాబాద్ మనిషి, అన్నీ తెలిసినట్టే మాట్లాడతాడు. నేను నాలుగో తరగతిలో బడి మానేసి కల్లుగీతకు చెట్లెక్కినవాణ్ని. అయినా తీసివేత వచ్చు.

"గది తొంభై ఏడే గద దావూద్ భాయ్. నూరెట్లయితది?"

"మాది చంద్రుని లెక్క బుచ్చన్నా. ఏడాదికి పదకొండు రోజులు తక్కువ."

"మాది గూడ చంద్రుడే. గని మేం మూడేండ్లకోపారి ఒక నెల కలుపుకుంటం."

"మేం కలుపం. పోయింది పోయినట్టే." పాన్ లేని నోటిని చప్పరిస్తూ నవ్వాడు. "మీ లెక్క పెట్టుంటే నీకు ఫికర్ లేకుండె. మూడు చెట్లు ఎండినా నడుస్తుండె."

ఎండింది మూడు కాదు, ఒక్కటే. 1360 అని పలక ఉన్న చెట్టు. మట్టలన్నీ గోధుమరంగుకు తిరిగి కిందికి వేలాడుతున్నాయి. ఆ ఏడు ఏం జరిగిందని అడిగాను. ఏదో ఒకటి జరిగే ఉంటుందని దావూద్ అన్నాడు. పుట్టేవాళ్లు పుట్టి ఉంటారు, పోయేవాళ్లు పోయి ఉంటారు. నాకు మాత్రం తెలుసుకోవాలనిపించింది. నూటిలో ఇదొక్కటే ఎందుకు ఎండాలి? అదే నీళ్లు, అదే మట్టి, అదే నేను.

నూరేళ్ల పండుగ షవ్వాల్ అయిదున, అంటే రంజాన్ తర్వాతి నెలలో. రంజాన్ అయిపోయి మూడో రోజు పొద్దున మా ఫోర్‌మన్ ఇష్తియాక్ వచ్చాడు. కడప మనిషి. చెట్టు చుట్టూ రెండుసార్లు తిరిగి, తల పైకెత్తి చూశాడు.

"ఏమప్పా, ఇది సచ్చిందా, బతికుండాదా?"

"కింద నిలవడి ఎట్ల చెప్తం సాబ్?"

"అయితే ఎక్కి చూడు. కల్లుగీసే మనిషివి, నీకు తెలీకపోతే ఎవరికి తెలుస్తాది? నీ మాటే రాస్తా." గొంతు తగ్గించాడు. "ఒకటి మాత్రం ఇను. సచ్చిందంటే చెట్టు అమ్మిన తోటవాళ్ల తప్పు. సాయంత్రానికి వేరే చెట్టు తెచ్చి పెట్టేసి పోతారు. బతికుందంటే నీళ్లు పోసినోని తప్పు. అది మళ్లా చిగిర్చేదాకా నువ్వు దీని కిందనే కూర్చోవల్ల. ఛుట్టీ లేదు, గిట్టీ లేదు."

ఆ సెలవు నాకు విశ్రాంతికి కాదు, ఊరికి పోవడానికి. వాళ్ల షవ్వాల్, మన మాఘం ఈసారి ఒకే నెలవంకతో మొదలయ్యాయి. మాఘ పున్నమినాడు మా ఊరి గీతవాళ్ల సంఘం తాళ్లు, ఈదులు, అన్ని కల్లుచెట్లూ పంచుతుంది. మనిషి ఎదురుగా నిలబడితేనే వాటా. నాలుగేళ్లుగా నా చెట్లను చిన్నాయన కొడుకు ప్రభాకర్ గీసుకుంటున్నాడు. ఈసారి రాకపోతే పేరే కొట్టేస్తారని నా భార్య జయ రెండు ఉత్తరాలు రాయించింది. పాస్‌పోర్టు ఇష్తియాక్ బీరువాలో ఉంది.

చెట్టెక్కే మోకుతాడు నా దగ్గర లేదు. క్రేన్ బెల్టు ముక్కను నడుం చుట్టూ, చెట్టు చుట్టూ వేసి ఎక్కాను. ఖర్జూరం మన ఈదుకు అక్కలాంటిది, కొంచెం ఒళ్లు చేసిన అక్క. నాలుగేళ్ల తర్వాత కూడా కాళ్లు ఏమీ మర్చిపోలేదు. రోడ్డు మీద ఆకుపచ్చ జెండాలు కడుతున్నవాళ్లు పని ఆపి చూశారు. ఒకడు చప్పట్లు కొట్టాడు.

పైన ఎండుమట్టలను పక్కకు నెట్టి చిగురు పుట్టే నడిమి మొవ్వును పట్టుకున్నాను. చచ్చిన చెట్టయితే మొవ్వు ఒరలోంచి కత్తి వచ్చినట్టు వచ్చేస్తుంది, కుళ్లు కంపు కొడుతుంది. లాగాను. రాలేదు. రెండు చేతులతో లాగాను. చెట్టు నన్నే తిరిగి లాగినట్టుంది. గోటితో గీరితే తెల్లగా, తడిగా ఉంది. నాలుక మీద పెట్టుకున్నాను. పచ్చి కొబ్బరిలాంటి తీపి.

బతికే ఉంది. మట్టలన్నింటినీ వదిలేసి, ఉన్న సత్తువంతా లోపలికి లాక్కుని కూర్చుంది. తెలివైన చెట్టు.

"ఏమైందప్పా?" కిందినుంచి ఇష్తియాక్ అరిచాడు.

దిగాక చెబుతానని చెయ్యి ఊపాను. ఎంత మెల్లగా దిగినా చెట్టు అయిపోయింది.

"సచ్చింది సాబ్."

మధ్యాహ్నం క్రేన్ వచ్చింది. నడిపేవాడు షాబాజ్, పెషావర్ వైపు మనిషి. బెల్టు విసిరి తలకాయ దగ్గర తగిలించబోయాడు. నేను అడ్డం పోయాను. నిచ్చెన వేసుకుని మొవ్వు చుట్టూ గోనెపట్టా చుట్టి, సుతిలి తాడుతో కట్టాను. బెల్టును కిందికి జరిపి, మాను లావుగా ఉన్నచోట వేశాను. చుట్టూ తవ్విన వేళ్ల మట్టి రాలిపోకుండా తడి గుడ్డలు కప్పి, వాటికీ సుతిలి కడుతున్నాను. ఇదంతా చేస్తున్నానన్న సంగతి నాకే తట్టలేదు, ఇష్తియాక్ మాట వినబడేదాకా.

"సచ్చినదానికి గోనెపట్టా ఎందుకప్పా?"

షాబాజ్ ఇంజన్ ఆపాడు. నా చేతిలో సుతిలి ముడి సగంలోనే ఉంది.

"అలవాటు సాబ్."

ఇష్తియాక్ నా వైపు చూశాడు. గోనెపట్టా వైపు చూశాడు. ఆ నిమిషంలో పాస్‌పోర్టు, ఛుట్టీ, ఊళ్లో నా చెట్లు, అన్నీ పోయాయనుకున్నాను. అతను షాబాజ్ దగ్గరికి వెళ్లి ఏదో చెప్పాడు. నాకు వినబడింది ఒక్కటే: చెత్తగుంటలో పారెయ్యొద్దు, క్యాంపులో నీళ్ల ట్యాంకు పక్కన దించు.

"నీళ్లెవరు పోస్తరు?" నోట్లోంచి వచ్చేసింది.

"నువ్వయితే కాదు. నువ్వు ఊరికి పోతాండావు కదా!"

కారు బానెట్ మీద కాగితం పరిచి రాశాడు. చెట్టు నంబరు 1360, చచ్చింది, పరీక్షించినవాడు బుచ్చన్న. పెన్ను నా చేతికిచ్చాడు. ముడి పూర్తిగా బిగించి వచ్చి సంతకం పెట్టాను. నా పేరు తెలుగులోనే రాశాను.