గంజి వంపేలోపు

మెట్రిక్ పరీక్ష రాస్తానని అడిగితే మా మామ సాంబమూర్తి, "మీ అత్తనడుగు బిడ్డా" అని బట్టల దుకాణానికి వెళ్లిపోయాడు. ఆయన ఎప్పుడూ అంతే. అత్త విమలమ్మ మాత్రం బట్ట మీద గడులు కుట్టిన చదరంగాన్ని పొయ్యి దగ్గర పరిచింది.

"పొయ్యి మీద అన్నం పెట్టిన. గంజి వంపేలోపు గెలిస్తె పరీక్ష రాయి. లేకుంటె ఇగ ఆ మాటెత్తకు."

ఇంగ్లీషు ఆట నేర్చిన అలవాటుతో బంటును రెండు గడులు జరిపాను.

"మా ఇంట్ల బంటు ఒక్కడుగే నడుస్తది, సరోజన."

బంటును వెనక్కి జరిపాను. ఆవిడ పొయ్యిలోకి ఇంకో కట్టె ఎగదోసింది. నాకు ఒళ్లు మండింది.

హనుమకొండలో కాపురానికొచ్చిన రోజు నుంచీ ఈ దేశవాళీ ఆటలో నాకు ఓటమే. ఇందులో రాజు ఒక్కసారి గుర్రంలా దూకవచ్చు. నేను చుట్టుముట్టడం, అత్త రాజు చెంగున దూకిపోవడం. అయితే ఒక్కసారి కిస్తు పడ్డ, అంటే ఎదుటి పావు గురిలో పడ్డ రాజుకు ఆ దూకుడు ఉండదు. అందుకే ఈసారి మొదట్లోనే మంత్రిని బయటికి తీసి, "కిస్తు" అన్నాను.

"గిదేం తొందర?" అని నవ్వి బంటును అడ్డం పెట్టింది. మంత్రిని వెనక్కి తెచ్చుకున్నాను. నాకు కావలసింది అయిపోయింది.

తర్వాత రాజును మూలకు నెట్టుకొచ్చాను. అత్త దూకించబోయి, చేయి ఆపుకుంది. మొదటి కిస్తు అప్పుడు గుర్తొచ్చినట్టుంది. సరిగ్గా అప్పుడే అన్నం ఉడికి కుండ పొంగింది.

ఒక్క ఎత్తు మిగిలింది. ఏడుపొచ్చింది. గంజి వంపడానికి గుడ్డ తీసుకుని లేచాను.

"కూసో" అంది అత్త. చూపు బట్ట మీద నుంచి తిప్పకుండానే మండే కట్టెను బయటికి లాగింది. "నీ ఎత్తు ఎయ్యి."

వేశాను. రాజు పోయే దారుల కోసం ఆవిడ చాలాసేపు వెతికింది. కుండలో అన్నం మెత్తబడిపోతోంది. యుద్ధం రోజులు, బియ్యం దొరకడమే గగనం.

"మాత్" అని తనే చెప్పి రాజును పడుకోబెట్టింది.

మధ్యాహ్నం మామ కంచంలో వేలు పెట్టి చూశాడు. "గిదేం అన్నం, జావ లెక్కున్నది. ఎవలు వండిన్రు?"

"నేనే" అంది అత్త. "కోడలికి పరీక్షలున్నయి. ఇగ రోజూ నేనే వండుత."