వానలో వణికిన గడ్డం

పెద్దావిడకు ఈ లోకంలో దేనికీ భయం లేదు, ఒక్క సూదికి తప్ప. వంటింట్లోకొచ్చిన పామును చీపురుతో వీధిలోకి సాగనంపిన మనిషి, పళ్ళ డాక్టరు కుర్చీ కనిపిస్తే మాత్రం పరుగే పరుగు. అప్పటికే రెండు ఆసుపత్రుల నుంచి అలా వచ్చేసింది. రెండోసారైతే ఆవిడ వదిలేసిన చెప్పుల కోసం కోడలు మళ్ళీ మూడంతస్తులెక్కాల్సి వచ్చింది.

ఈసారి మాత్రం తప్పలేదు. కింది దవడపళ్ళు రెండు, అటొకటి ఇటొకటి, పుచ్చిపోయి చెంప బంతిలా ఉబ్బింది. ఇంకా ఊరుకుంటే ఎముక దాకా పోతుందన్నారు. ఒకటి ఈ వారం, ఒకటి పై వారం తీయించుకుంటానని కోడలు అత్తగారి దగ్గర మాట తీసుకుని, చెయ్యి వదలకుండా పట్టుకుని మరీ ఈ కొత్త డాక్టరమ్మ దగ్గరకు తీసుకొచ్చింది.

డాక్టరమ్మ చూడబోతే నిన్నగాక మొన్న చదువు ముగించినట్టుంది. కుర్చీలో బిగుసుకుపోయిన పెద్దావిడను పంటి సంగతే అడగలేదు.

"ఈమధ్య ఏం సినిమా చూశారు పెద్దమ్మా?"

అడగడమే తరువాయి, పెద్దావిడ వాగు పొంగినట్టు పొంగింది. ఆవిడ అభిమాన హీరో మీసాలాయన పడవవాడి వేషం వేసిన సినిమా చూసొచ్చి మూడు రోజులే అయింది మరి. "కూతుర్ని పడవెక్కించి పంపేసి, వానలో నిలబడి ఏడుస్తాడు చూడు తల్లీ! అందరూ కళ్ళు చూస్తారు. కళ్ళు కాదు, గడ్డం చూడాలి. నున్నగా గీసిన ఆ గడ్డం ఎలా వణికిందనుకున్నావ్! ఇప్పుడొచ్చే గిరజాలవాళ్ళకీ గెంతులవాళ్ళకీ వస్తుందా ఆ వణుకు?"

"ఏదీ, నోరు పెద్దగా తెరవండి. ఆఁ... అంతే. నాకేమో మీసాలాయన నచ్చలేదు పెద్దమ్మా."

పెద్దావిడ కనుబొమలు నెత్తికెక్కాయి. నోట్లో దూదీ, గొట్టమూ, డాక్టరమ్మ రెండు వేళ్ళూ.

"వానలో తడిస్తే ఎవరి గడ్డమైనా వణుకుతుంది, చలికి! అదీ ఒక నటనేనా? నన్నడిగితే నీళ్ళ గొట్టం పట్టుకున్నవాడికివ్వాలి బహుమానం. ఆ కుర్ర హీరో గిరజాలవాడైతేనా, వాన లేకుండానే ఏడిపించేవాడు."

"ఊఁ! ఊఁ ఊఁ!" అంది పెద్దావిడ. ఒళ్ళు మండిపోతోంది. సూది ఎప్పుడు దిగిందో, దవడ ఎప్పుడు మొద్దుబారిందో ఆవిడకే తెలియదు. తెలిసేసరికి పన్ను పళ్ళెంలో టంగుమంది.

ఇంటికెళ్ళాక దూది తీసిందో లేదో మొదలుపెట్టింది. "ఏమే, చలికి వణికిందట! పక్కనే ఆ ముసలి తెరచాపవాడు కూడా తడిశాడు కదా, వాడి గడ్డం ఎందుకు వణకలేదూ?"

"బాగుంది అత్తయ్యా. వెళ్ళి డాక్టరమ్మతో చెప్పండి, నాతో కాదు," అంది కోడలు నవ్వు దాచుకుంటూ.

ఆ ఒక్క మాటనూ వారం రోజులు నోట్లో భద్రంగా దాచుకుంది పెద్దావిడ. పళ్ళు తోముకుంటూ అంది, గిన్నెలు తుడుస్తూ అంది. అది అనెయ్యాలన్న ఆత్రంతో రెండో వారం కోడలు లాగకుండానే మెట్లెక్కింది.

బయట బల్ల మీద కూర్చుంటే, ఓరగా వేసిన తలుపు లోంచి డాక్టరమ్మ గొంతు వినబడింది.

"గిరజాలవాడికి గెంతడం తప్ప ఏమొచ్చు మాస్టారూ? ఏడిస్తే మీసాలాయనే ఏడవాలి. కళ్ళు కాదు, వానలో ఆ గడ్డం చూశారా ఎలా వణికిందో!"

"ఊఁ ఊఁ!" అని లోపల మాస్టారెవరో గింజుకుంటున్నారు.

పెద్దావిడ నోరు తెరుచుకుని ఉండిపోయింది. "ఓసి దీని తెలివి తగలెయ్యా! నా మాటే! నా మాట నాకే... కాదు, మాస్టారికి వడ్డిస్తోంది!"

ముందు నవ్వొచ్చింది. ఆ వెంటనే సూది గుర్తొచ్చింది. కిటుకు తెలిసిపోయింది కదా, ఇంక కోపమెలా వస్తుంది? కోపం రాకపోతే ఆ సూదిని ఏం పెట్టుకుని భరించాలి? చెప్పుల వైపు చూసింది. కోడలు అప్పటికే వాటి మీద కాలు పెట్టి కూర్చుంది.

వంతు వచ్చి పెద్దావిడ లోపల కుర్చీలో కూర్చోగానే డాక్టరమ్మ మొదలుపెట్టబోయింది. "ఆ మీసాలాయన..."

"ఆగు తల్లీ. అంతా విన్నాను. నీ వేషాలు నా దగ్గర చెల్లవు."

డాక్టరమ్మ పట్టుబడిన దొంగలా నవ్వింది. తళతళలాడుతూ సూది కనబడింది. పెద్దావిడ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. ఏదో ఒకటి మాట్లాడకపోతే కుర్చీ దిగిపోయేలా ఉంది. దాచుకున్నది బయటికి తీసింది.

"సరే, ఇది చెప్పు. చలికే వణికిందన్నావే, మరి పక్కనున్న ముసలి తెరచాపవాడి గడ్డం ఎందుకు వణకలేదు?"

డాక్టరమ్మ తెల్లమొహం వేసింది. "పక్కన ముసలాయన కూడా ఉన్నాడా?"

"ఉన్నాడా అంటావేమే? సగం సినిమా వాడిదేగా! అయితే నువ్వు..."

"సినిమా హాలు మొహం చూసి ఏడాదయింది పెద్దమ్మా. పొద్దున్నుంచి చీకటిపడే దాకా ఇక్కడే. అన్నీ మీలాంటివాళ్ళు చెప్పినవే."

"చూడకుండానే! చూడకుండానే మా మీసాలాయన్ని... చలికన్నావూ! గొట్టంవాడికి బహుమానమన్నావూ! వారం రోజులు నాకు నిద్ర లేకుండా..."

అంత పెద్దగా నోరు తెరవమని ఎవరూ చెప్పలేదు. డాక్టరమ్మ క్షణం వృథా చెయ్యలేదు.

పావుగంటకు దూది కరుచుకుని బయటికొచ్చిన పెద్దావిడ మొహంలో రాణిగారి దర్జా. బల్ల మీద ఇప్పుడొక బస్సు డ్రైవరు కూర్చున్నాడు. మనిషి గుమ్మమంత ఉన్నాడు, చేతిలో ఫోను. కళ్ళు మాటిమాటికీ బయటి తలుపు మీదికే పోతున్నాయి. ఆ చూపు పెద్దావిడకు కొత్త కాదు. ఫోనులో గిరజాలవాడు గెంతుతున్నాడు.

దూది పడిపోకుండా మాట్లాడే వీల్లేదు. అందుకని ఆవిడ ఫోనులోని బొమ్మను వేలితో చూపించి, ముక్కు ముడిచి, ఈగను తోలినట్టు చెయ్యి విదిలించింది.

"ఏంటి పెద్దమ్మా? మావాడికేం తక్కువైంది?" డ్రైవరు ఉరిమాడు.

ఆవిడ మూతి మీద లేని మీసం మెలేసి, బొటనవేలు పైకెత్తింది.

"ఆ మీసాలాయనా? ఆయనకి రెండడుగులు గెంతడం వచ్చా?"

"తర్వాతెవరు?" లోపలి నుంచి పిలుపు.

"మీరే చెప్పండి డాక్టరమ్మా!" అంటూ డ్రైవరు తలుపు తోసుకుని, ఎక్కడికెళ్తున్నాడో కూడా మరిచిపోయి వెళ్ళి కుర్చీలో కూలబడ్డాడు.

చెప్పులు అందిస్తూ కోడలు చెవిలో అంది. "అయినా అత్తయ్యా, ఆ గిరజాలబ్బాయి సినిమా మీరు టీవీలో రెండుసార్లు చూశారుగా?"

పెద్దావిడ గబుక్కున వేలు పెదాల మీద పెట్టి, ఓరగా ఉన్న తలుపు వైపు కళ్ళతో సైగ చేసింది. లోపల డ్రైవరు వాదిస్తూనే ఉన్నాడు. ఉన్నట్టుండి ఆ వాదనంతా "ఊఁ ఊఁ"లోకి మారిపోయింది.