తొమ్మిది జతల చెప్పుల పేజీ

నేను ముప్పై రెండు పేజీల బొమ్మల పుస్తకాన్ని. పేరు ‘రేకులన్న’. గూడూరులో ఒక చిన్న ప్రెస్సువాళ్లు శుభలేఖల పని లేని రోజుల్లో నన్ను అచ్చు వేశారు. ఎర్ర రంగు గీత దాటి పక్కకు జరిగింది కాబట్టి నాలో అందరి పెదవులూ బుగ్గల మీద ఉంటాయి. నవ్వితే నవ్వండి, ఐదు వందల ప్రతుల్లో మిగిలింది నేనొక్కదాన్నే.

నన్ను గీసినవాడు పెంచలయ్య, బోర్డులు రాసుకుని బతికే మనిషి. అతని అన్న వెంగయ్య అభ్రకం గనిలో కూలీ. ఆ గనిలోకి దిగేవాళ్లు చెప్పులు పైనే విడిచేవారు. తడిసిన నిచ్చెన మీద చెప్పుకాలు జారుతుంది మరి. సాయంత్రం గట్టు మీద ఎన్ని జతలు మిగిలితే ఇంకా అంతమంది లోపల ఉన్నట్టు. మేస్త్రీ లెక్క అదే, వేరే పుస్తకం లేదు.

ఒక మధ్యాహ్నం గని కూలింది. అన్నకు అన్నం తెచ్చిన పెంచలయ్య గట్టు మీద తొమ్మిది జతలు చూశాడు. అతను ఊళ్లోకి పరిగెత్తి జనాన్ని తెచ్చేలోపు యజమాని మనుషులు వాటిని గంపలో ఎత్తుకుపోయారు. “ఈ రోజు గనిలో ఎవరూ దిగలేదే! దిగుంటే చెప్పులేవి?” అన్నాడు యజమాని. గుంత పూడ్చేశారు. వెంగయ్య ఇల్లు విడిచి పారిపోయాడని ఊరు తీర్మానించింది. అతని భార్య రత్తమ్మ బొట్టు తీస్తే మొగుణ్ణి చంపుకుందన్నారు, ఉంచుకుంటే సిగ్గులేదన్నారు. మనుషులకు ఇలాంటి తీర్పులు చెప్పడానికి చదువు అక్కర్లేదు.

పెంచలయ్య మాట ఎవరూ నమ్మలేదు. అందుకని బొమ్మలు గీశాడు. నా రేకులన్న ఒంటి నిండా అభ్రకం రేకులు. నిప్పు కాల్చదు, బండ నలపదు. కానీ ఒక్క ప్రాణం కాపాడితే ఒక్క రేకు ఊడిపోతుంది, మళ్లీ మొలవదు. చివరికి గని కూలేసరికి అతని ఒంటి మీద ఒక్క రేకూ లేదు. ఆఖరి పేజీలో మాటలు లేవు. గట్టు, దాని మీద తొమ్మిది జతల చెప్పులు. అంతే.

రత్తమ్మకు చదువు రాదు. ఆ పేజీకి చదువు అక్కర్లేదు కూడా. నలభై ఏళ్లు ఆమె నన్ను బియ్యం డబ్బాలో దాచి, నమ్మనివాళ్లకల్లా ఆ పేజీ తీసి చూపించింది. ఎడమ వైపు నుంచి మూడో జత వెంగయ్యది.

పెంచలయ్య పోయిన రెండేళ్లకు కిరీటి అనే దర్శకుడు వచ్చాడు. నన్ను కళ్లకద్దుకున్నాడు.

“ఒక్క గీత కూడా మార్చనమ్మా,” అన్నాడు.

“చెప్పుల పేజీ ఉంటాది గదా నాయనా?”

“సినిమాకి ప్రాణమే అదమ్మా.”

అబద్ధమాడాడని అనలేను. ఏడాది పాటు నా ఒళ్లంతా పసుపు చీటీలు అంటించి, గోచీ మడత దగ్గర్నుంచి కొలిచి మరీ తీశాడు.

గూడూరు హాల్లో మ్యాట్నీకి రత్తమ్మ నన్ను ఒళ్లో తెరిచి పెట్టుకుని కూర్చుంది. పక్కన ఆమె తమ్ముడి కోడలు సంపూర్ణ. తెర మీద నా గట్టు, నా నిచ్చెన, నా మనుషులు! పెదవులు మాత్రం చోటికి వచ్చాయి. నాకూ పొంగు వచ్చింది, దాచను. “మీ మామ నడక అట్నే ఉంటాది,” అని వెంగయ్య వేషగాణ్ణి చూపిస్తూ రత్తమ్మ సంపూర్ణ చెయ్యి పట్టుకుంది.

తర్వాత చెప్పులొచ్చాయి. తొమ్మిది జతలూ, అదే వరసలో. వాటి చుట్టూ బంతిపూలు, ముందు కర్పూరం! గుడి ముందు చెప్పులు విడిచినట్టు, భూమితల్లికి దణ్ణం పెట్టి దిగారని ఆ మహానుభావుడికి అర్థమైంది. అడిగి ఉంటే ఊళ్లో ఎవరైనా చెప్పేవారు. రేకులన్న చేతులు జోడించగానే ఊడిన రేకులన్నీ మొలిచాయి. బండ లేపాడు. తొమ్మిది మందీ నవ్వుతూ పైకొచ్చి, చెప్పులు తొడుక్కుని, పాటందుకున్నారు. మూడోవాడు అందరికంటే బాగా ఆడాడు.

హాలంతా ఈలలు. రత్తమ్మ చెయ్యి నా ఆఖరి పేజీ మీద బిగుసుకుంది.

బయట టీకొట్టు దగ్గరే మొదలైంది. “పైకొచ్చినాడు గదా రత్తమ్మా! మరి ఇంటికెందుకు రాలా?” అన్నాడొకడు. సంపూర్ణ వాడి మీద విరుచుకుపడింది. రత్తమ్మ మాత్రం వెనక్కి తిరిగి హాలు గోడ మీది పోస్టరు వైపు చూసింది. నాకు భయం వేసింది.

ఆ వారం ఆమె ఇంకో రెండుసార్లు మ్యాట్నీకి వెళ్లింది. నన్ను తీసుకెళ్లలేదు. తర్వాత రోజూ బస్టాండులో కూర్చుని, దిగే ముసలివాళ్ల మొహాలు చూడసాగింది. ఒకసారి ఇంట్లో నా ఆఖరి పేజీ తెరిచి, “పెంచలయ్య సరిగ్గా చూసినాడంటావా?” అని సంపూర్ణను అడిగింది. సంపూర్ణ ఏడ్చింది. నాకు నోరుంటే అరిచేదాన్ని.

నిన్న పాత కాగితాలవాడు వీధిలోకి వస్తే ఆమే నన్ను తెచ్చి ఇచ్చింది. వాడు పేజీలు తిరగేసి, “సినిమా వచ్చిన పుస్తకం గదా పెద్దమ్మా, ఉంచుకో,” అన్నాడు.

“వద్దులే నాయనా,” అంది రత్తమ్మ. “దీంట్లో ఆయన చచ్చిపోయినాడు.”