రేపల్లె ఉప్పు తిట్లు

సాయంత్రం అయిదయ్యేసరికి రేపల్లె తిట్లు మొదలయ్యేవి. అలాంటిలాంటి తిట్లు కావు. కృష్ణకి ఇవతల ఒడ్డున తిడితే అవతల దివిసీమలో కొంగలు లేచిపోయేవి. సంతల్లో విన్నాను, నాటకాల స్టేజీల మీద విన్నాను, కోర్టు మెట్ల మీద విన్నాను. ఆ నోటికి జోడీ నోరు ఈ డెల్టాలో ఇంకా పుట్టలేదు.

ఆ నోరు కోటేశ్వరరావుది. రేపల్లెలో ఐసు ఫ్యాక్టరీ సూపర్‌వైజరు. పొద్దస్తమానం ఉప్పునీళ్ళ తొట్ల మధ్య తిరిగి, అయిదింటికి ఆఫీసు గదిలో చచ్చిన ఫోను ఎత్తేవాడు.

తొంభైలో మే నెల తుఫానుకి తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టుపక్కల టెలిఫోను స్తంభాలు వరసపెట్టి పడుకున్నాయి. తర్వాత కొన్ని ఫోన్లు బాగుపడ్డాయి. కొన్ని చచ్చినవి చచ్చినట్టే ఉండిపోయాయి. చచ్చిన ఫోను మోగదు, డయల్ టోన్ రాదు. కానీ ఎత్తి చెవిన పెట్టుకుంటే, ఇంకోచోట చచ్చిన ఫోను పట్టుకుని కూర్చున్నవాళ్ళ మాట వినిపించేది. మాటతోపాటు అక్కడి గాలి కూడా రిసీవరు చిల్లుల్లోంచి వచ్చేది. చుండూరులో ఊడ్పులైతే బాపట్లలో బురద వాసన. ఆడవాళ్ళు పచ్చడి గిన్నె ఫోను దగ్గర పెట్టి, పులుపు చాలిందా అని పక్క ఊరిని అడిగేవాళ్ళు. ఎవరి జట్టు వాళ్ళకి కుదిరిపోయింది. మగాళ్ళ మీద మనసుపడే మగాళ్ళకీ ఒక జట్టు కుదిరింది.

పేర్లు చెప్పుకోలేదు. ట్రంకు కాల్ ఆపరేటర్లు పిలుచుకున్నట్టు ఊరి పేర్లతోనే పిలుచుకునేవాళ్ళు. తెనాలి అంటే పాండురంగారావు. ఒకప్పుడు నాటకాల్లో ఆడవేషాలు కట్టినవాడు. రాణి వేషంలో ఆయన ఏడిస్తే ముందు వరసలో ఆడవాళ్ళు చీర చెంగులు పిండుకుని ఆరేసుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు నాటకాల దుస్తులు అద్దెకిచ్చే కొట్టు నడుపుతున్నాడు. ఫోనులో మాత్రం ఇంకా ఆడమనిషే, జట్టువాళ్ళని కూడా ఏమే అనే పిలిచేది. ఆయన మాట్లాడితే ఫోనులోంచి మొహానికి రాసే పౌడరు రాలేది. బాపట్ల అంటే బర్నబాస్, లెక్కల మేష్టరు. ఆయన మాటతో సుద్దపొడి వచ్చేది. కోటేశ్వరరావు మాటతో ఉప్పు వచ్చేది. కోపంగా మాట్లాడాడా, దోసిళ్ళకొద్దీ వచ్చేది.

"హలో తెనాలి! బతికున్నావా, పాడెక్కావా?"

"ఎక్కితే నువ్వు మోయొద్దులే గానీ, ముందా నోరు కడుక్కోవే రేపల్లె. నిన్న నువ్వు తిట్టిన తిట్లకి నా మహారాణి కిరీటం తుప్పు పట్టింది. రేపు దాన్ని ఎవరి నెత్తిన పెట్టను?"

"రేకు కిరీటానికి ఇంత రాద్ధాంతమా! నువ్వు వేషాలు కట్టే రోజులకి ఇనుము పుట్టిందా అసలు?"

"చూశావా బాపట్లా! ఈ చేపలకంపుది నా వయసు ఎత్తుతోంది."

"తప్పండి రేపల్లెగారూ," అన్నాడు బర్నబాస్. "పెద్దావిణ్ణి అలా అనకూడదండి."

"పెద్దావిడా!" తెనాలి గావుకేక పెట్టింది. రెండు ఊళ్ళలోనూ పౌడరు గుప్పుమంది. రేపల్లె నవ్వి నవ్వి దగ్గాడు.

"ఒరేయ్ బాపట్లా, ఒక్కసారి తిట్టరా. నువ్వు నన్ను ఒక్క తిట్టు తిడితే ఆ రోజు బజారంతా ఐసు ఉచితం."

బర్నబాస్ చాలాసేపు ఆలోచించాడు. "మీరు కొంచెం దుర్మార్గులండి."

"కొంచెమేంటే! దుర్మార్గుడికి అండి ఏంటే!" అని తెనాలి నెత్తి బాదుకుంది.

"నాకు రాదండి. నా వంతు కూడా రేపల్లెగారే తిట్టేస్తారు కదా. ఆయన తిట్టకపోతే ఆ పూట నాకు అన్నం సయించదండి," అని బర్నబాస్ నవ్వాడు.

ఆ నవ్వు గుమ్మం దగ్గర నిలబడ్డ తోమాసు విన్నాడు. బర్నబాస్‌కి అన్న. సిమెంటు కొట్టు ఆయనది, ఇల్లు ఆయనది, ఫోను ఆయనది. చచ్చిన ఫోనులో మాటలేంటని ఆయన అడగలేదు. ఆయన భార్య దానమ్మ రోజూ అందులోనే వాళ్ళ అక్కతో మాట్లాడుతుంది. రిసీవరు లాక్కుని చెవిన పెట్టుకున్నాడు.

"నవ్వు ఆపేశావేంట్రా బంగారం?" అన్నాడు రేపల్లె.

తోమాసు మొహం కందగడ్డ అయింది. "మగాడు నిన్ను బంగారం అంటున్నాడా? మగాడితో ఆ నవ్వేంట్రా?"

ఇక్కడే నా ఒళ్ళు మండేది. చచ్చిన తీగలోంచి ఉప్పూ సుద్దా రాలితే ఊళ్ళో ఒక్కడికీ వింత అనిపించలేదు. ఊడ్చుకుని ఊరుకున్నారు. ఇద్దరు మగాళ్ళు నవ్వుకుంటే మాత్రం కొంపలంటుకున్నాయి.

"గుంటూరులో ఒక డాక్టరున్నాడు," అన్నాడు తోమాసు. "తలకి కరెంటు పెడితే ఇలాంటివి వదిలిపోతాయట. శనివారం కారు మాట్లాడతాను. అందాకా గది దాటావంటే కాళ్ళు విరుగుతాయి."

"నాకు జబ్బేం లేదన్నయ్యా. ఆ కరెంటు పెట్టించుకున్నవాళ్ళకి ఎక్కాలు కూడా గుర్తుండవట. నేను పిల్లలకి పాఠం ఎలా చెప్పనండి?"

"నోర్ముయ్! రేపు సంఘంలో నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

బయట నుంచి గొళ్ళెం పడింది. గొళ్ళేనికి అరచెయ్యంత తాళం పడింది. ఫోను మాత్రం గదిలోనే ఉండిపోయింది. అది గవర్నమెంటు సొత్తు, గోడకి బిగించింది, పీకితే జరిమానా. అందుకని తోమాసు ఇంకో ఎత్తు వేశాడు. ఎక్స్‌ఛేంజికి వెళ్ళి, మా ఫోను చచ్చిపోయింది, వెంటనే బాగుచెయ్యండి అని కంప్లయింటు ఇచ్చాడు. బతికిన ఫోనులో చచ్చిన ఫోన్ల మాటలు వినపడవు. వాళ్ళ నోళ్ళు మూయించడానికి అంతకంటే దారి లేదు. "శనివారంలోపు వస్తాను సార్," అన్నాడు లైన్‌మన్ చెంచురామయ్య.

సంగతి వినగానే రేపల్లె ఎత్తుకున్నాడు చూడండి! ఫ్యాక్టరీలో ఐసు దిమ్మలు నిలువునా పగిలాయి. పెట్టెల్లో రొయ్యలు ఉడకబెట్టినట్టు ఎర్రబడ్డాయి.

"అడ్రసు చెప్పరా! ఐసు పగలగొట్టే గునపం పట్టుకుని వస్తాను. ఆ తాళంతోపాటు మీ అన్న పళ్ళు కూడా లెక్కపెట్టి రాలగొడతాను!"

"రావద్దండి. మా అన్నయ్య కొట్లో హమాలీలు ఇరవైమంది ఉన్నారు. మీ పేరు కూడా బజారున పడుతుందండి. నేను చెప్పనండి."

"నీ మంచితనం మండిపోనూ! నీ తలకి కరెంటు పెట్టి, రేపు ఈ ఫోను ఎత్తి నువ్వెవరండీ అని నన్ను అడిగితే అప్పుడు నేనేం చెయ్యాలిరా?"

బర్నబాస్ మోకాళ్ళ మీద ఉప్పు కుప్పగా రాలి ఉంది.

తెనాలి గొంతు సవరించుకుంది. అప్పటిదాకా వేళాకోళం తప్ప ఎరగని ఆ గొంతు ఇనపరేకులా మోగింది. "ఏడుపులు తర్వాత. బాపట్లా, తాళం ఎటువైపు ఉంది?"

"బయట అండి."

"తలుపు బందులు?"

బర్నబాస్ తలెత్తి చూశాడు. తలుపుని ద్వారబంధానికి పట్టి ఉంచే ఇనప బందులు మూడు. మూడూ గది లోపలివైపే ఉన్నాయి.

"నా కిరీటం ఏమైందే రేపల్లె?"

"తుప్పు పట్టింది," అన్నాడు రేపల్లె మెల్లగా. తర్వాత గట్టిగా ఊపిరి పీల్చిన చప్పుడు వినిపించింది.

ఆ తిట్ల గురించి మీకు చెప్పేవాళ్ళుంటే అది నేనొక్కణ్ణే. అన్నం మానేసి తిట్టాడు. చల్ల తాగి తిట్టాడు. గొంతు ఆరినప్పుడల్లా తెనాలి అందుకుని శాపనార్థాలకి రాగం కట్టి అయిదేసి నిమిషాలు దమ్ము పట్టేది. "ఒరేయ్ సిమెంటు కొట్టోడా! నీ బస్తాలన్నీ వానకి గడ్డకట్టి పోనూ! నీ కారు నాలుగు టైర్లూ నాలుగు ఊళ్ళకి దొర్లిపోనూ! నీ గురకకి నీ నిద్రే ఎగిరిపోనూ!" ఆ ఊపుకి రేపల్లె మళ్ళీ లేచేవాడు. డాక్టర్ని తిట్టాడు. కరెంటు కనిపెట్టినవాణ్ణి తిట్టాడు. సంఘాన్ని, కులాన్ని, పరువుని, పరువు పేరు చెప్పి గొళ్ళెం పెట్టే ప్రతి చేతినీ పేరుపేరునా తిట్టాడు. రేపల్లె స్టేషన్‌లో బయల్దేరాల్సిన ప్యాసింజరు, ఆయన ఆపేదాకా విజిల్ వెయ్యలేకపోయింది.

బర్నబాస్ తీగ సాగినంత సాగదీసి రిసీవరుని బందులకి ఆనించి కూర్చున్నాడు. ఉప్పు బుసబుసా కొట్టేది. ఇనుము చెమర్చేది, పొరలు లేచేది, ఎర్రగా రాలేది. కింది బందు మెత్తబడింది. నడిమి బందు పొడి అయింది. పై బందుకి తీగ అందలేదు.

ఆ ఎర్రపొడి తలుపు సందులోంచి బయటికి జారింది. కిటికీ ఊచల్లోంచి అన్నం పొట్లం అందించడానికి వచ్చిన దానమ్మ చూసింది. చీపురు తెచ్చి ఊడ్చింది. పూటపూటకీ ఊడ్చింది.

"ఏంటది ఎర్రగా?" అన్నాడు తోమాసు.

"కారమండి. ఒలికింది," అంది దానమ్మ.

శనివారం పొద్దున చెంచురామయ్య స్తంభం ఎక్కాడు. రేపల్లె సరిగ్గా ఒక తిట్టు నడిమధ్యలో ఉన్నాడు. "నీ తాళం నీ..." అన్నాడు, అంతే. ఫోనులో గుర్రుమని డయల్ టోన్ వచ్చింది. ఇంట్లో అందరూ సంతోషించారు. బర్నబాస్ రిసీవరు ఊపాడు, ఊదాడు, బతిమాలాడు. గుర్రు. ఒక్క ఉప్పురవ్వ రాలేదు. బతికిన ఫోనే, కానీ ఎవరికి చేస్తాడు? రేపల్లె ఫోను చచ్చి ఉంది. పోలీసు స్టేషన్‌కి చేస్తే వాళ్ళూ తోమాసు మాటే అంటారు.

వాకిట్లో అంబాసిడర్ ఆగింది. డ్రైవరు హారన్ కొట్టాడు. తోమాసు చెప్పులు మెట్ల మీద టకటకలాడాయి.

బర్నబాస్ స్టూలు లాగి ఎక్కాడు. పై బందు చెక్కుచెదరకుండా ఉంది. దాని మొహంలో మొహం పెట్టాడు. రోజుల తరబడి ఆ ఉప్పు పీల్చాడు, మింగాడు, దాని మీదే పడుకున్నాడు. పెదాలు పగిలి ఉన్నాయి. పుట్టి బుద్ధెరిగాక ఆ మనిషి నోట రానిది అప్పుడు వచ్చింది.

"ఒరేయ్ తోమాసూ! నా తల నీ కొట్లో సిమెంటు బస్తా అనుకున్నావురా, నీకు తోచిన చోట దించడానికి? నా నవ్వుకి తాళం వేస్తావురా దొంగసచ్చినోడా! నీ పరువు తగలబడ! నీ డాక్టరు చేతులు పడిపోనూ! తియ్యరా తలుపు, దరిద్రపు వెధవా!"

అండి లేదు. ఒక్కచోట కూడా లేదు. వాళ్ళిద్దరికీ తండ్రి ఒకడే కనక ఆయన జోలికి మాత్రం పోలేదు. ఆ నోట్లోంచి ఉప్పు తెల్లటి పొగలా వెళ్ళి బందుకి కొట్టుకుంది. బందు ఎర్రబడింది, గుల్లబడింది, రాలిపోయింది.

తలుపు బందులవైపు నుంచి తెరుచుకుని గొళ్ళేనికి వేలాడింది. తాళం వేసింది వేసినట్టే ఉంది. తోమాసు ఆ తాళం వైపు, చేతిలో తాళంచెవి వైపు మార్చి మార్చి చూశాడు. ఆ సందులోంచి తమ్ముడు బయటికి వచ్చాడు. తోమాసు చెయ్యి ఎత్తాడు.

"కొట్టు," అన్నాడు బర్నబాస్. "నా దగ్గర ఇంకా చాలా ఉన్నాయి."

ఎత్తిన చెయ్యి అక్కడే ఉండిపోయింది. దానమ్మ వంటింట్లోంచి వచ్చింది. చీపురు గోడకి ఆనించి, వంగి చెప్పుల జత మెట్టు మీద పెట్టింది. "తొడుక్కోండి మరిదిగారూ. రైలు టైమయింది."

తెనాలిలో రైలు మారాడు. ఆ ప్లాట్‌ఫారం మీద యాభై దాటిన ప్రతి మనిషి మొహంలోకీ తొంగిచూశాడు. పౌడరు వాసన ఎక్కడా తగల్లేదు. రేపల్లె బండి ఎక్కాడు.

ఐసు ఫ్యాక్టరీలో ఆఫీసు గది తలుపు తీసే ఉంది. పొట్టి మనిషి, బట్టతల, కళ్ళు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. బాపట్ల ఫోను బతికిన సంగతి తెలియక మధ్యాహ్నం దాకా తిడుతూనే ఉన్నాడు. చివరికి గొంతు పూర్తిగా పోయింది.

"రేపల్లె?" అన్నాడు బర్నబాస్.

ఆ మనిషి నోరు తెరిచాడు. మాట రాలేదు. లేచి నిలబడ్డాడు. చెయ్యి చాచి బర్నబాస్ పగిలిన పెదాల మీది ఉప్పు బొటనవేలితో తుడిచాడు. ఆ వేలు నాలిక మీద పెట్టుకున్నాడు. తన ఉప్పు తనకి తెలియదా! కుర్చీలో కూలబడి చొక్కాతో మొహం కప్పుకున్నాడు.

అయిదయింది. ఒళ్ళో ఫోనులోంచి పౌడరు గుప్పుమంది.

"హలో రేపల్లె! ఏమే, ఏదైనా తెలిసిందా? ఆ పిల్లాడు ఏమయ్యాడే? మాట్లాడవేంటే దిక్కుమాలినదానా!"

బర్నబాస్ రిసీవరు అందుకున్నాడు. "బతికున్నావా ముసలి మహారాణీ? రేపల్లె మాట్లాడుతోంది."

తెనాలి కొట్టులో రిసీవరు చిల్లుల్లోంచి సుద్దపొడి సన్నగా రాలి కిరీటం మీద పడింది. దానిలో ఉప్పు కలిసి ఉంది.

"ఏ రేపల్లె?" అంది తెనాలి.

"ఇద్దరమూ," అన్నాడు బర్నబాస్.